పాన్ కార్డులో గ్రేస్, పాస్‌పోర్టులో నాగమణి

వారానికి దొరికే ఒక్క సెలవునాడు నిద్ర మానుకుని, ఇంత ఎండలో బస్సులు మారి వచ్చిన నా సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. రాస్ అల్ ఖైమాలో ఆరేళ్లుగా నర్సుగా పనిచేస్తున్న నన్ను మీరంతా గ్రేస్ సిస్టర్ అనే పిలుస్తారు, కానీ నా అసలు పేరు మీకెవరికీ చెప్పలేదు, ఆ దాచుకోవడంలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో చెప్పడానికే ఈ రోజు లేచి నిలబడ్డాను.

నా భర్త పోయేనాటికి మా పాప జెస్సీకి మూడేళ్లు, దాన్ని పాలకొల్లులో మా అక్క దగ్గర వదిలిపెట్టి దుబాయ్ విమానం ఎక్కాను. ఇన్నాళ్లకు దాని బడి పక్కనే ఒక చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. అది కొనుక్కుంటే ఇక్కడి ఉద్యోగానికి ఖలాస్ చెప్పేసి నా బిడ్డ దగ్గరే ఉండిపోవచ్చు. ఇల్లుగలాయన నెలన్నర ఆగుతానన్నారు, ఆ తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నారు. తీరా రిజిస్ట్రేషన్‌కు కాగితాలు చూసుకుంటే నా పాన్ కార్డు పనిచేయడం లేదు! ఆధార్‌తో కలపలేదు కదా, పోనీ విదేశంలో ఉంటున్నానని పన్నుల శాఖకు తెలియజేశానా అంటే అదీ లేదు, అందుకని దాన్ని ఆపేశారట. పాస్‌పోర్టు కాపీ పంపితే మళ్లీ తెరుస్తారని తెలిసి సంతోషంగా పంపాను. పాన్‌లో ఉన్న మనిషీ, పాస్‌పోర్టులో ఉన్న మనిషీ ఒకరు కాదని జవాబు వచ్చింది.

తప్పు నాదే. పంతొమ్మిదేళ్లప్పుడు బాప్తిస్మం తీసుకుని గ్రేస్ అని పేరు పెట్టించుకున్నాను, ఆ కొత్త ఆనందంలో ఆ నెలలోనే పాన్‌కు దరఖాస్తు పెట్టుకుంటూ గ్రేస్ అనే రాయించాను. పాస్‌పోర్టుకు మాత్రం బడి సర్టిఫికెట్టులో ఉన్న నాగమణి తప్పలేదు. ఆ పేరంటే నాకు ఎంత నామోషీ అంటే, ఆసుపత్రిలో మెడలో వేసుకునే కార్డును కూడా ఆరాధనకు వచ్చేముందు తీసి సంచిలో దాచేదాన్ని. అంతటితో ఊరుకున్నానా, బాప్తిస్మం తర్వాత కూడా పాత పేరే ఉంచుకున్న మన లక్ష్మి సిస్టర్‌ను, ఇంకా ఆ పేరేమిటమ్మా అని నలుగురిలో దెప్పాను కూడా!

మూడు వారాలు తిండి సయించలేదు. అక్క ఫోన్ చేస్తే కసిరాను, జెస్సీ ఎప్పుడొస్తావమ్మా అంటే ఫోన్ పెట్టేశాను. ప్రభువా, ఆ ఆఫీసువాళ్ల కళ్లు తెరువు అని ప్రార్థించాను. వాళ్ల కళ్లు తెరిచే ఉన్నాయి, మూసుకున్నవి నావి.

చివరికి ఒక టైపింగ్ సెంటర్‌కు వెళ్లాను. మనవాళ్ల దరఖాస్తులన్నీ కొట్టిపెట్టే రాజన్న అక్కడ ఉన్నాడు, జగిత్యాల వైపు మనిషి, గోడమీద వినాయకుడి బొమ్మ పెట్టుకుంటాడు. పేర్లు కలవలేదని జవాబొచ్చిన సంగతి చెబితే, నీ పాత పేరేంటక్కా అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆ పేరు చచ్చిపోయిందండీ, దాని సంగతి నన్నడక్కండి" అన్నాను.

అతను కోప్పడలేదు, నవ్వాడు. "సచ్చిన పేరు మీదనే కదక్కా నీకు వీసా కొట్టిండ్రు, జీతం ఇస్తుండ్రు. రెండు పేర్లు ఒక్క మనిషియే అని చెప్పే కాయితం ఒక్కటి జూపియ్యి. మీ దాంట్ల పేరు పెట్టిననాడు ఏం రాసియ్యరా?"

సహోదరులారా, బైబిలు కవరు జిప్పు తీశాను. పద్నాలుగేళ్లుగా చంకలో పెట్టుకు తిరుగుతున్న ఆ కవరు అరలోనే నా బాప్తిస్మం పత్రం ఉంది, నాగమణి అను ఈమెకు గ్రేస్ అను పేరు ఇవ్వబడినది అని మా పాస్టరుగారి చేతిరాత! అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ప్రభువా, నువ్వు నాగమణినే కదయ్యా పిలిచింది, ఆమెను కాదన్నందుకు నన్ను క్షమించు అని ప్రార్థించాను. రాజన్న పాపం చాయ్ తెప్పించాడు.

ఆ పత్రాన్ని ఆధారంగా పెట్టి, ఇద్దరూ నేనేనని ప్రమాణపత్రం రాయించి, దుబాయ్ వెళ్లి కాన్సులేటు ముద్ర వేయించి పంపాను. ఇల్లుగలాయన పెట్టిన గడువుకు నాలుగు రోజుల ముందు పాన్ తెరుచుకుంది! సెలవు పెట్టి పాలకొల్లు పరుగెత్తాను, రిజిస్ట్రేషన్ అయింది, దేవునికే మహిమ! వచ్చే నెల నేను శాశ్వతంగా వెళ్లిపోతున్నాను.

లక్ష్మీ, వెనక వరసలో ఉన్నావు కదమ్మా, అందరి ముందూ అన్నాను గనుక అందరి ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు. ప్రియులారా, మీలో ఎవరైనా ఏదైనా దాచుకుని వచ్చి కూర్చుంటే, దాన్నే ఆయన దగ్గరికి తీసుకురండి, ఆయనకు అది ముందే తెలుసు, అయినా మిమ్మల్ని పిలిచాడు.

నిన్న జెస్సీ ఫోన్ చేసి, గుమ్మం మీద బోర్డుకు ఏ పేరు రాయించమంటావమ్మా అని అడిగింది.

"నాగమణి గ్రేస్ అని రాయించు తల్లీ, అమ్మ వచ్చేస్తోంది" అన్నాను.