బండ పగలడం వేరు, రింగ్ తెగడం వేరు, నర్సప్ప సార్

నర్సప్ప సార్ ఇక లేరు.

నిన్న మోమిన్‌పేట్‌లో బస్సెక్కుతుంటే క్లాస్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఫుట్‌బోర్డు మీదే ఆగిపోయాను. కండక్టర్ తిడితే గానీ కాలు కదల్లేదు.

తాండూరులో డిగ్రీ చదివినప్పుడు మాకు కెమిస్ట్రీ చెప్పిన సార్. గ్రూపులో అందరూ "దేవుడిలాంటి మనిషి" అని పెడుతున్నారు.

పెట్టుకోండి. నేను పెట్టను.

ఫైనల్ ఇయర్‌లో నా ప్రాజెక్టు ఒక రింగ్ మీద. నాలుగు కార్బన్లు, ఒక సల్ఫర్ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డ అణువు. దాని మీద అల్ట్రావయొలెట్ వెలుగు పడితే సల్ఫర్ పక్క బంధం తెగి, రింగ్ తెరుచుకుంటుంది.

ఎంతసేపట్లో? సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగం గడిచేలోపే.

సార్‌కు మాత్రం లోకంలో ఏది విరిగినా తాండూరు బండే. ఎండకు కాగి కాగి క్వారీలో బండ పగిలినట్టే రింగూ తెగుతుందని ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవారు.

వైవాలో, బయటి ఎగ్జామినర్ ముందు, కాదన్నాను. బంధాన్ని తెంపేది వెలుగే, వేడెక్కడం తర్వాతి సంగతి అన్నాను.

సార్ నవ్వారు.

"బండలు కొట్టేటోళ్ళ ఇంట్ల పుట్టినవ్. బండ ఎట్ల పల్గుతదో నీకే తెల్వదా?"

ఎగ్జామినర్ కూడా నవ్వాడు. ఆ నవ్వులో నా మార్కులు పోయాయి. మార్కులతో పాటు హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు పోయింది. ఇప్పుడు పాలిషింగ్ యూనిట్ తరఫున ఊరూరా తిరిగి బండలు అమ్ముతున్నాను. సార్ బండల సిలబస్‌ను నేను దాటి పోలేదన్నమాట.

ఆ బస్సులోనే పోయి, వికారాబాద్‌లో దిగి సార్ వాళ్ళింటికి వెళ్ళాను. సార్ కూతురు గుర్తుపట్టి పక్కకు పిలిచింది.

"నాయన గా బండ ముచ్చట ఎప్పుడో బంద్ జేసిండన్నా. నేను తప్పు చెప్తుంటి, ఒక పోరడు మొఖం మీదనే చెప్పిండు అని క్లాసుల నీ పేరు జెప్పెటోడు."

ఓదార్పుగానే చెప్పింది పాపం. నాకు ఒళ్ళు మండింది.

ఊరందరి పిల్లలకూ చెప్పారు. నాకు చెప్పలేదు. నా నంబర్ లేదా అంటే, ఉంది. రోజూ పొద్దున పూల బొమ్మలు, సూక్తులు ఫార్వర్డ్ చేసేవారు. అన్నీ వచ్చాయి. ఆ ఒక్క మాట రాలేదు.

ఇక రాదు.

వెళ్ళిరండి సార్. మీ ప్రాణానికి హాయి దొరకాలి, నిజంగానే అంటున్నా.

కోపం మాత్రం నా దగ్గరే ఉంటుంది. తీసుకోవాల్సిన మనిషి మీరొక్కరే.