వేల్స్ నీళ్ళకు ఫ్రాన్స్ పేరు

పెళ్ళిచూపుల్లో అమ్మాయి నన్ను ఒక్కటే ప్రశ్న అడిగింది: సెలవు దొరికితే ఏం చేస్తారు? నడుస్తానన్నాను. ఆమె ఇంకేదో అడిగేలోపే పక్కనున్న వాళ్ళ నాన్న "యాడికి?" అన్నారు.

ఫ్రాన్స్ పల్లెల్లో నదుల వెంబడి కాలిబాటలుంటాయని, జలపాతాల పక్కనుంచే పోతాయని, పెళ్ళయ్యాక ఇద్దరం వెళ్తామని చెప్పాను. అప్పటికి నేను ఫ్రాన్స్ చూడలేదు. కేంబ్రిడ్జ్‌లో నా ఫ్లాట్‌లో కూర్చుని మ్యాపులు చూశానంతే.

మావయ్యకు ప్రొద్దుటూరులో బట్టల షాపు. "మా పాప ఫ్రాన్స్‌లో నడిచేకి పోతాంది" అని ఆయన షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు. "నడిచేకి అంత దూరం పోవాల్నా, ఈడ రోడ్లు లేవా?" అని వాళ్ళు ఎగతాళి చేసేవారట. ఆ ఎగతాళిని కూడా ఆయన మురిసిపోతూ మాకు ఫోన్‌లో వినిపించేవారు.

నా ఉద్యోగం చిప్‌ల డిజైన్లలో తప్పులు వెతకడం. ఏ పని చేయాలన్నా ముందు పట్టిక వేస్తాను. ఫ్రాన్స్ నడకకూ వేశాను. సున్నపురాతి లోయలో మెట్లుమెట్లుగా దూకే ఏరు, దాని ఒడ్డున దారి, దారి చివర ఒక ఊరు. ఆ ఊళ్ళో బేకరీ మధ్యాహ్నానికే మూసేస్తారు. ఏటి పక్కన పెంకుల కప్పు కింద పెద్ద రాతి తొట్టి ఉంది. ఒకప్పుడు ఆడవాళ్ళు అందులో బట్టలు ఉతికేవారు. ఏ వంతెన దగ్గర ఎడమకు తిరగాలో, వాన పడితే ఏ దారి మానుకోవాలో అన్నీ రాసుకున్నాను. నా భార్య రాత్రి అన్నం తింటూ ఆ తొట్టి ఫొటో మళ్ళీ మళ్ళీ చూసేది.

బ్రిటన్‌లో ఉంటున్నా, మన పాస్‌పోర్ట్‌తో ఫ్రాన్స్‌కు వేరే వీసా కావాలి. నా పట్టికలో వీసా అపాయింట్‌మెంట్ చివరి వరుసలో ఉంది. బుకింగులు, ఇన్సూరెన్స్, ఆఫీసు లెటర్ అన్నీ చేతికొచ్చాకే అపాయింట్‌మెంట్ తీసుకోవడం పద్ధతి అనుకున్నాను. మాస్టర్స్ చదవడానికి నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు కూడా ముందు స్లాట్ పట్టుకుని, తర్వాత కాగితాల సంగతి చూసుకుంటారు. నేను సైట్ తెరిచేసరికి మా సెలవులు అయిపోయేదాకా ఒక్క స్లాటూ లేదు.

"మా నాయనకు చెప్పాల కదా" అంది నా భార్య.

"నేను చెబుతాను. నువ్వు చెప్పకు."

"సరే, మీరే చెప్పండి మరి."

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే సెలవులొచ్చేశాయి. ఫ్రాన్స్‌కు బదులు, బ్రిటన్‌లోనే ఉన్న వేల్స్ వెళ్ళాం. అక్కడా ఏరు ఉంది, జలపాతాలున్నాయి, అడవిలోంచి దారి ఉంది. రాత్రి వాన పడిందేమో, రాళ్ళు నున్నగా జారుతున్నాయి. మొదటి జలపాతం దగ్గర నా భార్య బూట్లు విప్పి, చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టి చిన్నగా అరిచింది. పెళ్ళయ్యాక ఆమె అలా అరవడం నేను వినడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే వీడియో కాల్ వచ్చింది.

"మా నాయన. మీతోనే మాట్లాడతాడంట" అంటూ ఫోన్ నా చేతికిచ్చింది. ఇప్పుడు చెప్పండి అన్నట్టు చూసింది.

"అల్లుడా! చేరినారా ఫ్రాన్స్‌కు?"

నేను నోరు తెరిచేలోపే ఆయన చూపు నా వెనకనున్న హెచ్చరిక బోర్డు మీద పడింది. వేల్స్‌లో బోర్డుల మీద పైన వాళ్ళ వెల్ష్ భాష, కింద ఇంగ్లీషు ఉంటాయి.

"ఒరే, ఇట్ల రాండ్రా! ఫ్రెంచ్‌లో రాసినారు జూడు. కింద మనట్లాటోళ్ళ కోసరం ఇంగ్లీషు గూడా పెట్టినారు."

ఫోన్ నిండా తలకాయలు. పక్కనున్న నగల అంగడాయన, చీరలకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, ఇంకా ఎవరెవరో.

"ఏందబ్బా ఆ రాత, ఎల్లు పక్కన ఎల్లు, దాని పక్కన డబ్ల్యూ. నోరెట్ల తిరుగుతాది వాళ్ళకు?" అన్నాడు నగల అంగడాయన. "నీళ్ళేంది బాబూ, టీ డికాషన్ మాదిరి ఉండాయి?"

"కొండ మీద నల్లమట్టి అండీ, దాని రంగు" అన్నాను. అది నిజమే. ఆ నిజం పట్టుకుని ముందుకు పోయాను. ఏరు మెట్లుమెట్లుగా దూకుతుందన్నాను. దారి చివర ఊరుందన్నాను, బేకరీ గురించి చెప్పాను, రాతి తొట్టి గురించి చెప్పాను. అంతా నాకు కంఠతా వచ్చు. కుక్కతో పోతున్న ఒకావిడ "మార్నింగ్" అంటే, "ఫ్రెంచామె గూడా ఇంగ్లీషు మాట్లాడుతాందే!" అని అక్కడ అందరూ నవ్వారు. మావయ్య ఆ ఊరి పేరు నాచేత రెండుసార్లు పలికించుకుని, తనూ పలికి చూసుకున్నారు.

ఫోన్ పెట్టేశాక నా భార్య బూట్లు తొడుక్కుంది. తడికాళ్ళకు సాక్సులు ఎక్కలేదు. వాటిని జేబులో కుక్కుకుని లేచి నడిచింది. అంతవరకూ జారే రాయి వచ్చినప్పుడల్లా ఆగి నా చెయ్యి అందుకునేది. ఆ తర్వాత ఆగలేదు.

ఆ దారిలో ఒక జలపాతం వెనకనుంచి నడిచి పోవచ్చు. నీళ్ళు తెరలా ముందు పడుతుంటే, కొండ అంచు కింద మనం నిలబడతాం. అక్కడ ఆగింది. ఆ హోరులో దగ్గరికి జరిగితేగాని మాట వినిపించదు. జరిగాను.

"మా నాయన మీ గురించి అందర్నీ అడిగినాడు పెళ్ళికి ముందు. అబ్బాయి అన్నాడంటే అన్నట్లే అని చెప్పినారంట. ఆ ఒక్క మాటకే నన్నిచ్చినాడు."

నేను ముందు పడుతున్న నీళ్ళకేసి తిరిగాను.

"నేను పక్కనే ఉండాను కదా, ఒక్క మాటతో చెప్పేదాన్ని. అందరి ముందర మిమ్మల్ని తక్కువ చేసినట్లుంటాదని నోరు మూసుకున్నా. మా నాయన దగ్గర నేనెప్పుడూ ఏమీ దాచలేదు. ఈ పొద్దు దాచినా."

నీటి తుంపర్లకు నా కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకోవడానికి తీశాను గాని, మళ్ళీ పెట్టుకుని ఆమె ముఖం చూడాలంటే సిగ్గేసింది. అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

లోయలో సిగ్నల్ లేదు. పైకెక్కి గొర్రెల మేత భూముల దాకా నడిచాం. రాళ్ళగోడ మీద కూర్చుని నేనే ఫోన్ చేశాను.

"ఉండు అల్లుడా, మా చిన్నాయన గూడా వచ్చినాడు. ఆ ఊరి పేరు ఇంకొకసారి చెప్పు."

"మావయ్యగారూ, స్పీకర్ తీసేయండి."

ఆయన గొంతు మారిపోయింది. "ఏమాయ? పాప బాగుందా? జారి పడిందా?"

"బాగుందండీ. మేము ఫ్రాన్స్‌లో లేము. వీసా దొరకలేదు. ఇది వేల్స్, బ్రిటన్‌లోదే. అమ్మాయి మొదట్నుంచీ చెప్పమనే అంది. నేనే చెప్పలేదు."

షాపులో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. చీర ధర ఎంతని ఎవరో అడుగుతున్నారు. కాసేపటికి ఆయన నాతో కాకుండా అక్కడివాళ్ళతో, "సిగ్నల్ సరిగ్గా లేదంట" అన్నారు గట్టిగా. ఆ తర్వాత గొంతు తగ్గించి, "సరేలే నాయనా. వీళ్ళకు నేను చెప్పుకుంటాలే. పాపకియ్యి ఫోన్" అన్నారు.

ఆయన నన్ను తిట్టివుంటే బాగుండేది. నన్ను కాపాడడానికి, తన షాపులో, తన మనుషుల ముందు ఆయన అబద్ధమాడారు. ఫోన్ తీసుకుని నా భార్య గోడ వెంబడి దూరంగా నడిచింది. అటు తిరిగి మాట్లాడింది. మధ్యలో ఒకసారి నవ్వింది. ఎందుకు నవ్విందో నేను అడగలేదు.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత, "ఆ వీసా సైట్ పాస్‌వర్డ్ ఏంది?" అని అడిగింది. చెప్పాను. నాకు చూపించకుండా తన ఫోన్‌లో కొట్టుకుంది.

మావయ్య ఇప్పటికీ వారం వారం ఫోన్ చేస్తారు. చలి ఎట్లుందని అడుగుతారు, ఏం వండుకున్నారని అడుగుతారు. ఎక్కడున్నారని మాత్రం అడగరు. అందుకని హలో అన్న వెంటనే నేనే చెబుతాను, కేంబ్రిడ్జ్‌లోనే, ఇంట్లోనే ఉన్నాం మావయ్యగారూ అని.

"ఆఁ, సరే నాయనా" అంటారు.