సెలవు అడగడానికి ఒక వాక్యం

ఈ ఉదయం పక్కింటి అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. బట్టల షాపులో పనిచేస్తుంది. "ఆంటీ, జ్వరమొచ్చిందని మా సార్‌కు ఇంగ్లీషుల మెసేజ్ పెట్టియ్యరా?" అంది. జ్వరమేమీ లేదు, చేతుల నిండా మెహందీతో పెళ్ళికి తయారుగా ఉంది. రిటైరైన ఇంగ్లీషు టీచర్ని గనక, యాకుత్‌పురాలో మా గల్లీ జ్వరాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. రాసిచ్చాను. ఆ అమ్మాయి వెళ్ళాక చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. సెలవు అడగడం నేర్పమన్న ఇంకొకామె గుర్తొచ్చింది.

నా పాత విద్యార్థిని ఒకతె ఆస్ట్రేలియాలో శరణార్థులకు చదువు చెప్పే చోట పనిచేస్తుంది. అక్కడ టీచర్లు చాలడం లేదు, ఫోన్‌లో చెప్పగలరా మేడమ్ అని అడిగింది. మధ్యాహ్నాలు నడుంనొప్పి తప్ప నాకు వేరే వ్యాపకం లేదు, ఒప్పుకున్నాను. అలా పరిచయమైంది ఆమె. ఇరాక్‌లో కొండ పక్క ఊరు, యాజిదీ మతం. సాయుధులు ఆ ఊళ్ళ మీద పడి మగవాళ్ళను చంపారు, ఆడవాళ్ళను ఎత్తుకుపోయారు. ఆమె ఎలాగో బయటపడి, గుడారాల్లో ఏళ్ళు గడిపి ఆస్ట్రేలియా చేరింది. ఇదంతా నా విద్యార్థిని చెప్పిందే. నేను ఆమెను అడగలేదు. స్ట్రాబెర్రీలను డబ్బాల్లో నింపే షెడ్డులో ఆమెకు పని. మాకు మధ్యాహ్నమైతే వాళ్ళకు సాయంత్రం. అలసిపోయి వచ్చి, పాఠం మధ్యలోనే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయేది. లేపేదాన్ని కాదు. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి నేనూ కళ్ళు మూసుకునేదాన్ని. ఇంటి వెనక బర్రెలకు దాణా పెట్టి వచ్చిన మా వదిన తొంగిచూసి, "ఇద్దరు మంచిగ చదువుతున్నరు" అనేది.

ఒకరోజు ఆమె షెడ్డులో పెట్టుకునే టోపీ కూడా తీయకుండా కూర్చుంది. "ఈరోజు పాఠం వద్దు టీచర్, ఒక్క మాట నేర్పండి" అంది వచ్చీరాని ఇంగ్లీషులో. వాళ్ళ ఊరి దగ్గర గోతిలో దొరికిన ఎముకల్లో ఆమె తమ్ముడివేవో తేలిందట. రక్తపరీక్షతో పోల్చి చెప్పారు. అక్కడ ఖననం చేస్తారు, ఫోన్‌లో చూపిస్తారు. ఆరోజు సెలవు కావాలి. అంతవరకూ షెడ్డు సూపర్‌వైజర్‌తో ఏం మాట్లాడాలన్నా అక్కడే పనిచేసే ఆమె పిన్ని కూతురే మాట్లాడేది. ఈ ఒక్కటీ తానే చెబుతానంది.

వాక్యం మొదలుపెట్టాను. మర్యాదగా ఉంటుందని "పాస్డ్ అవే" అన్నాను.

"పాస్ అంటే దాటిపోవడం కదా టీచర్? వాడు పోలేదు. తీసుకెళ్ళి చంపారు."

ఆ మాట కొట్టేశాను. గుమ్మంలో నిలబడ్డ వదినకు సంగతి చెప్పాను. వదిన పాపం, తనకు తోచిన సాయం చేసింది: "గంత బాధ అందరికి ఎందుకు చెప్పుడే? కడుపునొస్తుందని చెప్పుమను. ఎవలడుగుతరు?"

"అబద్ధం చెప్పదట వదినా."

చివరికి మూడు ముక్కలు తయారయ్యాయి. నా తమ్ముణ్ణి చంపారు. ఎముకలు దొరికాయి. నేను వాణ్ణి పూడ్చాలి. పూడ్చడానికి ఇంగ్లీషు మాటను ఆమె "బ్యూరీ" అని చదివింది. కాదు, "బెరీ" అన్నాను. ఆమె నా వంక చూసింది.

"బెర్రీనా? నేను డబ్బాల్లో నింపేదా?"

"రాత వేరు. పలకడం ఒకటే."

ఆమె కాసేపు తన వేళ్ళు చూసుకుంది. ఆ తర్వాత వాక్యం మొత్తం పలికింది. నేను మళ్ళీ అనమన్నాను, ఆమె మళ్ళీ అంది. ఉచ్చారణ దిద్దడం తప్ప నాకు ఆరోజు వేరే ఏమీ చేతకాలేదు. పాఠం అయ్యేసరికి బడిలో రోజంతా నిలబడి చెప్పినంత అలసట కమ్మింది.

మర్నాడు ఆమే చెప్పింది. సూపర్‌వైజర్ మొదట అర్థం కాక మళ్ళీ చెప్పమన్నాడట. మళ్ళీ చెబితే చేతి గ్లవ్స్ తీసేసి, "వెళ్ళు" అన్నాడట.

ఖననం రోజు పాఠం వేళకే ఫోన్ చేసింది. తన ఫోన్‌ను, ఖననం కనిపిస్తున్న ఇంకో ఫోన్‌కు ఎదురుగా పట్టుకుంది. దుమ్ము, వరసగా పెట్టెలు, నల్లబట్టల్లో ఆడవాళ్ళు. ఏది ఎవరిదో నాకు తెలియలేదు. వదిన పాలక్యాను కింద పెట్టి, కొంగు తలమీద కప్పుకుని నా పక్కన కూర్చుంది. "పిలగాడు ఇప్పటికన్న ఇంటోళ్ళ చేతికొచ్చిండు" అంది మెల్లగా. ఇద్దరం చివరిదాకా చూశాం.

తర్వాతి పాఠానికి ఆమె వేళకే వచ్చింది. బస్సు టికెట్ కొనడం గురించి పాఠం. సగంలో నిద్రపోయింది. ఇప్పుడు నా పాఠాల అవసరం లేకుండానే తన పనులు తానే ఇంగ్లీషులో మాట్లాడుకుంటోందని నా విద్యార్థిని చెప్పింది.

ఏళ్ళు గడిస్తే దుఃఖం పాతబడుతుందని అనుకునేదాన్ని. నేను చూసినంతలో పాతబడేది మనమే. అది అలాగే పక్కన ఉంటుంది, తెల్లారేసరికి మనం పనికి లేస్తాం.