దారానికి ముడేసిన జానెడు

ఎత్తు లేపించిన పికప్ బండి ఎదురైతే నేనిప్పటికీ తలదించుకుంటాను.

కర్నూలు నుంచి కడప పోయే బస్సులో నా పక్కన ఒక కోసిగి మనిషి కూర్చున్నాడు. కొత్తగా పికప్ కొన్నాడట. మిరపకోతలకు ఆడకూలీలను అందులోనే గుంటూరు తీసుకుపోతాడట.

"బండి అడుగు రాళ్లకు తగులుతాండాది పెద్దాయనా. చక్రాల మీది కమాన్ కట్టకు ఇంకిన్ని ఇనప పట్టీలేసి బండిని ఎత్తు లేపిస్తే మేలా?"

"నలభై ఏండ్లు మెకానిక్ షెడ్డు నడిపినోణ్ణి చెప్తాండా, లేపించప్పా!"

"ఎంత లేపమంటావు?"

నేను వేళ్లు బాగా చాపి జానెడు చూపించాను. ఆయన తువ్వాలులోంచి దారం పీకి, నా జానను కొలిచి, ముడేసుకున్నాడు.

నిజానికి నేను నడిపింది షెడ్డు ఎదురుగా టీ అంగడి. రెండంగుళాలు దాటి లేపితే, మనుషులు నిండిన బండి మలుపులో పల్టీ కొడుతుందని ఆ షెడ్డు మేస్త్రీ అనగా ఎన్నోసార్లు విన్నాను. కానీ బస్సంతా నా వైపే చూస్తుంటే, రెండంగుళాలు చూపించడం నాకు చిన్నతనమనిపించింది.

నంద్యాలలో ఆయన నా చేతులు కళ్లకద్దుకుని దిగాడు. పిలిచి నిజం చెబుదామని కిటికీలోంచి తల బయటపెట్టాను.

ముందు సీటాయన వెనక్కి తిరిగి, "మా ట్రాక్టరు సంగతి గూడా రవ్వంత చెప్పు సామీ" అన్నాడు.

నేను తల లోపలికి తీసుకున్నాను.