పక్క పేజీ నాది

"ఏటే, నవ్వొచ్చినాదా?"

"ముందు గంజి తాగు మావా."

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. మా ఆయన శ్రీకాకుళం ఆసుపత్రి మంచం మీద పడుకుని, నర్సమ్మ మీద అయిదు వరసలు కట్టి నాకు చెప్పాడు. నేను నవ్వలేదు, చెంచా నోటి దగ్గర పెట్టాను. మధ్యాహ్నానికి పోయాడు.

ఆమదాలవలసలో రైసుమిల్లు కాటా దగ్గర ఆయన పని. ధాన్యం తూయించుకోవడానికి వచ్చిన కాలేజీ మేష్టరు ఒకాయన నేర్పాడట ఆ అయిదు వరసల కట్టు. లిమరిక్కు అంటారట. మొదటి రెండు వరసలూ పొడుగు, ఒకేలా ముగియాలి. తరవాత రెండూ పొట్టి, వాటి ముగింపు వేరు. అయిదోది మళ్ళీ మొదటివాటితో కలవాలి, దెబ్బ దాంట్లోనే ఉండాలి. తొడ మీద దరువేసుకుంటూ కట్టేవాడు. నాకు సంతకం తప్ప అక్షరం రాదు గానీ, ఆ దరువు వినీ వినీ వచ్చేసింది.

ఊళ్ళో అందరి మీదా కట్టాడు. అందరికీ నోటికొచ్చింది మాత్రం నా మీద కట్టింది.

మా ఇంటిదాని పిలుపంటే రైలు కూత,
మిల్లులోన ఆగిపోద్ది బస్తా మోత,
టేషన్లో జెండా ఊపి
గార్డు బండి నిలిపి
అన్నాడు, "డ్రైవరెవడో గానీ, ఆడి తలరాత!"

కూరగాయలకి వెళ్తే కూత పెట్టేవారు నన్ను చూసి. నా గొంతు ఎందుకు పెరిగిందో ఒక్కడూ అడగలేదు. మిల్లు మోతకి ఆయన చెవులు పోయాయి. నలుగురిలో చెవిటివాడంటే నామోషీ. అందుకని నేను అరవాలి, అరిచినందుకు నేనే నవ్వులపాలు కావాలి.

మా వైపు పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు వియ్యపురాలి మీద ఎకసెక్కం పాట కడతారు. ముక్కు వంకరంటారు, అప్పడాలు దాచిందంటారు. కానీ పాట అవగానే నోరు మూసుకుని కూర్చుంటారు, ఎందుకంటే జవాబు పాడడం అవతలివాళ్ళ హక్కు. మా అమ్మ అనేది, "అన్నోలు ఇనాల. ఇననోలు అనకూడదు." ఒకసారి ఆయన స్నేహితుల ముందు నేనూ జవాబు మొదలెట్టాను. రెండో వరస దాకా రానిచ్చాడు. "సాల్లేవే, లోపలికెళ్ళి టీ ఎట్టు" అన్నాడు. పెట్టాను.

ఇప్పుడు సంవత్సరీకానికి ఆ స్నేహితులే ఆయన కట్టినవన్నీ పుస్తకం వేస్తున్నారు. మొన్న వాళ్ళలో ఒకాయన వచ్చాడు.

"వదినా, నీ మీదదే మొదట ఏస్తన్నాం. జనానికి అదే ఇష్టం."

"ఎయ్యండి. పక్క పేజీ నాది."

"నీదేటి?"

"జవాబు మరిదీ. ఇను."

మా ఆయన సెవిలోన మిల్లోడి తవుడు,
నా కేక ఇననోడు ఈదిలో ఎవుడు?
ఆయనొక్కడే ఇనడు,
సెవిటినని అనడు,
పిలిస్తే పలకనోలు ఇద్దరు: ఆయనా, దేవుడు.

వచ్చినాయన నవ్వలేదు. నేనిచ్చిన టీ గ్లాసు కింద పెట్టి, "ఇది ఎకసెక్కంలా నేదొదినా, ఏడుపులాగున్నాది" అన్నాడు.

"ఆయన కట్టింది నాకూ అలాగే ఉండీది. మీరు నవ్వినారు గదా."

మిగతావాళ్ళని అడిగి చెబుతానని వెళ్ళాడు. పోయినోడిని చెవిటివాడంటే బాగోదని సాయంత్రం కబురు. బతికున్నదాన్ని ఇంజినంటే బాగుందట.

అందుకే మా ఆడబిడ్డ కూతుర్ని కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను. నాది వెయ్యకపోతే నా మీదదీ వెయ్యకూడదు. వేస్తే రెండూ ఎదురెదురుగా వెయ్యాలి. ఈ కాగితం రేపు వాళ్ళకి నువ్వే పట్టుకెళ్ళి ఇస్తావు పిల్లా.

తల దించుకుంటావేమే? మీ మావయ్య పరువని ఎక్కడైనా మెత్తగా మార్చేశావా? నాకు చదవడం రాదు, నువ్వు ఏం రాశావో నాకెలా తెలుస్తుంది? ఏదీ, మొదటి నుంచి చదువు. ఒక్క మాట మింగకుండా చదువు.