నాలుగు పచ్చ గడుల సారు

ఖమ్మం ఆఫీసులో మా సారుకు సాఫ్ట్‌వేర్ రాయడం రాదు. ఎవరు ఏం అడిగారో, అది ఎందాకా వచ్చిందో పట్టికలో చూసుకోవడమే ఆయన కొలువు. ఒక్కో కోరికకు ఒక నంబరు, నాలుగు గడులు: అడిగారు, డిజైన్ చేశారు, కోడ్ రాశారు, టెస్ట్ చేశారు. నాలుగూ పచ్చబడితే వాటి మీద చూపుడువేలు నడిపించి, "గొలుసు తెగలే" అనేవారు. రాములవారి పెళ్లి తానే చేయించినంత తృప్తి.

అప్పుడు గర్భిణుల పేర్లు ఎక్కించే యాప్ చేస్తున్నాం. పేరు ఎక్కితేనే కాన్పుకు అంబులెన్స్ వస్తుంది. చర్ల అవతలి గూడెం నుంచి ఆశ కార్యకర్త అక్క ఫోన్ చేసింది.

"సారూ, మా గూడెంల ఇండ్లకు నంబర్లు లేవు. ఆ గడి నింపకపోతే యాప్ ముందుకు పోతలేదు. ఒక పిల్లకు నెలలు నిండినయ్."

సారు ఆ కోరికకు భక్తిగా ఒక నంబరిచ్చారు. వారంలో నాలుగు గడులూ పచ్చబడ్డాయి. ఇంతకుముందు ఊరికే ఆగిపోయే యాప్, ఇప్పుడు "దయచేసి ఇంటి నంబరు రాయండి" అని మర్యాదగా చెప్పి ఆగుతోంది. టెస్ట్ చేసింది నేనే. పాసయింది.

"అక్క అడిగింది ఇది కాదు సార్," అన్నాను.

"ఏంది తమ్మీ, గొలుసు ఎక్కడ తెగింది? చూపెట్టు."

చూపెట్టలేకపోయాను. నిజంగానే ఎక్కడా తెగలేదు.

కొన్నాళ్లకు అక్క మళ్లీ ఫోన్ చేసింది. "అంబులెన్స్ రాలే, ఆ పిల్లను మంచం మీద మోసి వాగు దాటించినం సారూ. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ మంచిగున్నరు. ఇప్పుడు బిడ్డ పేరు ఎక్కిద్దామంటే, మళ్ల ఇంటి నంబరే అడుగుతుంది."

సారు ముఖం వెలిగిపోయింది. "ఇది వేరే కోరిక," అంటూ కొత్త వరుస తెరిచారు.