గట్టు మీద వేపకొమ్మ

మా నాయిన కూలికి పురుగుమందు కొట్టేవాడు. తొగుట చుట్టుపక్కల వరిపొలాల్లో వీపున పంపు కట్టుకుని పొద్దంతా బురదలో తిరిగేవాడు. కొట్టడం అయిపోగానే ఒక వేపకొమ్మ విరిచి గట్టు మీద గుచ్చేవాడు. దాని ఆకులు ఎండి రాలేదాకా అక్కడ ఎవరూ గడ్డి కోయరు, గొడ్లను తోలరు. "కొమ్మ గుచ్చకుంటే నీకు బువ్వ దిగదా ఏంది?" అని తోటివాళ్లు ఆటపట్టించినా మానలేదు.

తర్వాత డ్రోన్లు వచ్చాయి. నాయిన పొద్దంతా కొట్టే పొలాన్ని డ్రోన్ చాయ్ తాగి వచ్చేలోపు ముగించేస్తుంది. మందు వాసన పడక దగ్గే నాయినకు ఆ పీడ వదిలిందని మొదట్లో నేను సంబరపడ్డాను కూడా. నా సంబరంతో పొయ్యి వెలగదు కదా. నాయినను పనికి పిలిచేవాళ్లు లేకపోయారు. ఉన్నదంతా ఊడ్చి ఒక పాడిబర్రెను కొన్నాం. ఇంటిల్లిపాదికీ అదే ఆధారమైంది.

ఈ యాసంగి పంటప్పుడు ఒకరోజు, నేను అవ్వ అని పిలిచే మా అమ్మ ఊళ్లో ఒక రైతు గట్టున గడ్డికి వెళ్లింది. ఎప్పటిలాగే ముందు కొమ్మ కోసం చూసింది. కనబడలేదు. మోపు కోసుకొచ్చి బర్రె ముందు వేసింది. మధ్యాహ్నానికి బర్రె నోట నురగ కారింది, కాళ్లు వణికాయి. పశువుల డాక్టరు వచ్చేసరికి ప్రాణం పోయింది. అవ్వ దాని మెడ పట్టుకుని ఏడుస్తుంటే నాకు ఎవరి మీద చూపాలో తెలియని కోపం వచ్చింది.

రైతు పరుగున వచ్చాడు. చెడ్డవాడేం కాదు.

"నిన్న డ్రోన్ తోని కొట్టిచ్చిన వదినె. గడ్డి కొయ్యద్దని ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టిన గదా," అన్నాడు.

అవ్వది బటన్ల ఫోను. అందులో ఏ గ్రూపూ రాదు.

"గట్టు మీద కొమ్మ లేకపాయె. నేనేం జూసి ఆగాలె?" అంది.

 నాయిన బర్రె మెడలోని తాడు విప్పి చుట్టగా చుట్టాడు. రైతును ఒక్క మాటైనా అననందుకు నాకు ఒళ్లు మండింది.

బర్రెను పూడ్చిన మర్నాడు పొద్దున్నే ఆ రైతే నాయినకు ఫోన్ చేశాడు. ఇంకో మడికి డ్రోన్ వస్తోందట, దానికి నీళ్లు మోసి మందు కలిపే మనిషి కావాలట. రానని చెప్పమన్నాను. నాయిన నావైపు చూడకుండా తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"ఇంకేం పని ఉన్నది బిడ్డా?" అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.